కప్పు గెలిచిన మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ బ్యాండ్‌కి అవార్డు ప్రకటించారని ఐదు నిమిషాలు మురిసిపోయింది. ఆరో నిమిషంలో ఏడుపు. ఉద్యోగం మానేస్తానన్నావట, షో రేటు డబుల్ చేశావట. ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అనేసి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

నేను స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేసుకుంటూ బ్యాండ్‌లో బేస్ గిటారు వాయించే రోజుల్లో మాకూ ఒక పోటీలో ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. చెక్క దిమ్మ మీద ఇత్తడి గిటారు. ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది, ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టి. పేపర్లో మా ఫొటో చూసి జగదాంబ దగ్గర ఒక క్యాసెట్ల షాపాయన పిలిచి మరీ అడిగాడు: "మీ క్యాసెట్లు ఓ పాతిక ఇవ్వండి బాబూ, కౌంటర్ మీద పెడతాను." మా దగ్గర ఒక్కటి లేదు! డబ్బులు పోగేసి, మద్రాసు వెళ్లి రికార్డు చేయించుకొచ్చేసరికి నాలుగు నెలలైంది. పట్టుకెళ్తే ఆయన అట్టపెట్టె వైపు, మా వైపు చూసి "ఏ బ్యాండు?" అన్నాడు. ఆ పాతిక క్యాసెట్లూ చుట్టాలకే పంచాం. మీ అమ్మ దగ్గర ఇంకా ఒకటుండాలి.

పైగా మేమూ నీలాగే రేటు పెంచాం. "వాళ్లిప్పుడు పెద్దోళ్లు, మనకెక్కడ వస్తారు" అని కాలేజీ కుర్రాళ్లు అడగడమే మానేశారు. ఆ సంగతి మాకు ఏడాది తర్వాత తెలిసింది.

అవార్డుతో జనం ఒకసారి మీ వైపు చూస్తారు. మహా అయితే నెల. ఆ నెలలో వినడానికి పాటలూ, పిలవడానికి ఫోన్ నంబరూ, వెంటనే ఎక్కడానికి స్టేజీ ఉండాలి.

మాంచెస్టర్ వైపు ఎల్బో అని ఒక బ్యాండ్ ఉంది. 2008 సెప్టెంబర్‌లో మెర్క్యురీ ప్రైజ్, అంటే బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బమ్‌కి ఇచ్చే అవార్డు, కొట్టేసరికి వాళ్లు కలిసి వాయించడం మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. అవార్డు తర్వాత అమ్మకాలు ఎగిశాయి, పెద్ద పెద్ద హాళ్లు దొరికాయి. కానీ అవార్డు తెచ్చిన ఆల్బమ్ మార్చిలోనే షాపుల్లో ఉంది, పాత ఆల్బమ్‌లు ఇంకో మూడు ఉన్నాయి. కొత్తగా వచ్చినవాడు ఒకటి విని ఆగిపోకుండా వెనక్కి వెళ్లి వినడానికి సరుకు ఉందన్నమాట.

2011లో ఆర్కేడ్ ఫైర్ అనే బ్యాండ్‌కి అమెరికావాళ్ల గ్రామీ అవార్డుల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ వస్తే "ఎవర్రా వీళ్లు" అన్నవాళ్లు బోలెడుమంది. అంతకు ఆర్నెల్ల ముందే ఆ ఆల్బమ్ అమెరికాలో నంబర్ వన్‌గా దిగింది. ఆ రాత్రి వాళ్లు స్టేజీ మీద వాయించారు కూడా. చేతిలో కప్పు చూసి పాట వెతికేవాళ్ల కంటే చెవిన పడ్డ పాట కోసం వెతికేవాళ్లే ఎక్కువ. హైదరాబాద్‌లో మీ అవార్డు ఫంక్షన్ వచ్చే నెల కదా, ఒక్క పాటకైనా స్లాట్ అడుగు. సిగ్గుపడకు.

అసలు అవార్డే రాకపోయినా మునిగేదేం లేదనుకో. 1989లో గ్రామీవాళ్లు హార్డ్ రాక్, మెటల్‌కి కలిపి తొలిసారి అవార్డు పెడితే, మెటల్ బ్యాండ్ మెటాలికాకి ఖాయం అనుకున్నది ఫ్లూట్ వాయించే జెత్రో టల్ బ్యాండ్‌కి వెళ్లింది. మెటాలికావాళ్లు ‘గ్రామీ ఓడినవాళ్లు’ అని తమ ఆల్బమ్ మీద స్టిక్కర్ అంటించి మరీ అమ్మారు. 1991లో తెచ్చిన తర్వాతి ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటిన్నరకు పైగా పోయింది. నాకు జెత్రో టల్ కూడా ఇష్టమేలే.

ఇక నీ పని. యాప్‌లలో మీవి మూడే పాటలున్నాయి, మిగతావి మీ ఫోన్లలో మగ్గుతున్నాయి. ఫంక్షన్ లోపు ఇంకో రెండు ఎక్కించండి. స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదికి వెయ్యిసార్లైనా ప్లే కాని పాటకి పైసా రాదు, కాబట్టి అందర్నీ ఒక్క పాట వైపే తోలండి. నువ్వూ, నీతో బాణీలు కట్టే ఆ డ్రమ్స్ కుర్రాడూ ఐపీఆర్‌ఎస్‌లో, అంటే పాట వాడుకున్నందుకు రావాల్సిన రాయల్టీ డబ్బు రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ వసూలు చేసిపెట్టే సంఘంలో, చేరండి. ఎవరి వాటా ఎంతో ఇప్పుడే కాగితం మీద పెట్టండి, డబ్బు కనబడ్డాక ఆ మాట ఎత్తడం కష్టం. ఏ కంపెనీ అయినా రాయల్టీ వదులుకుంటున్నట్టు సంతకం పెట్టమంటే, 2012 కాపీరైట్ సవరణ ప్రకారం రాసినవాడి, బాణీ కట్టినవాడి వాటా అలా వదిలించుకోవడం కుదరదని చెప్పు.

రేటు అందరికీ పెంచకు. రుషికొండ రిసార్టులకీ, సంగీత్ ఫంక్షన్లకీ పెంచు. ‘అవార్డు గెలిచిన బ్యాండ్’ అని కార్డు మీద వేసుకోవడం వాళ్లకి గొప్ప, ఆ గొప్పకి డబ్బిస్తారు. కాలేజీ ఫెస్టు బడ్జెట్ మాత్రం నీ కప్పు చూసి పెరగదు. ఇంజినీరింగ్ పిల్లలకి పాత రేటే ఉంచు. రేపు నీ పాట పంచేది వాళ్లే.

ఉద్యోగం సంగతి శివరాత్రి దాటాక చూద్దాం. సీజన్ అయిపోతుంది, ఎన్ని షోలు పడ్డాయో, వ్యానుకీ సౌండుకీ పోను ఎంత మిగిలిందో నోట్‌బుక్‌లో ఉంటుంది. అప్పుడు మానేస్తానంటే మీ అమ్మకి నేనే చెబుతా.

ఇంకోటి. ఫంక్షన్లో టేబుల్ కోసం యాభై వేలు కట్టమని మెయిల్ వచ్చిందట? పోటీకి ఎంట్రీ ఫీజు అంటే అర్థం ఉంది. గెలిచాక మన కప్పు మనం అందుకోవడానికి కట్టడం ఏంట్రా? నాకు అనుమానంగా ఉంది. నేను చూసేదాకా ఎవరికీ ఫోన్‌పే చెయ్యకు. ఆదివారం గాజువాక వచ్చేటప్పుడు ఆ మెయిల్ ప్రింట్ తీసుకురా, ఒక సెట్టు బేస్ తీగలు కూడా.

మీ మావయ్య