రక్తం ఆగినా మాత్రలు ఆపనివ్వకండి

మీ తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) అని తేలి మూడు నెలలైందనీ, మలంలో రక్తం పడటం ఆగింది కాబట్టి మందులు మానేసి పథ్యంతో నెట్టుకురావచ్చా అనీ అడిగారు. డాక్టరు చెప్పకుండా మానకూడదు. నేను అదే పని చేసి దెబ్బతిన్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది కావలి. పదకొండేళ్ల కిందట నాకు ఈ జబ్బు మొదలైనప్పుడు మొలలు అనుకున్నాం. రక్తం కనబడితే అందరి నోటా ముందు వచ్చే మాట అదే కదా. ఎనిమిది నెలలు మొలల మందే వాడాను. బరువు తగ్గి, హిమోగ్లోబిన్ 7కు పడిపోయింది. చివరికి నెల్లూరులో కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసి, పేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాక అసలు జబ్బు తెలిసింది. పేగు వాపు తగ్గించే మెసలమిన్ మాత్రలతో రెండు నెలల్లో కోలుకున్నాను. "బాగైన ఒంటికి మందులెందుకు?" అన్నారు పెద్దవాళ్లు. నాకూ ఆ మాట నచ్చింది, ఆపేశాను. నాలుగో నెలలో రోజుకు పది పన్నెండు సార్లు రక్త విరేచనాలు, జ్వరం. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఎక్కించారు.

రక్తం ఆగినా లోపల వాపు మిగిలి ఉండవచ్చు. పేగులో వాపు ఉంటే మలంలో పెరిగే కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ ఎంత ఉందో చూస్తే దాని జాడ తెలుస్తుంది. మెసలమిన్ జబ్బును తగ్గించడానికే కాదు, తిరగబెట్టకుండా కాపాడటానికి కూడా. మాత్రను నమలకూడదు, పొడి చేయకూడదు. పేగు దాకా వెళ్లాకే మందు విడుదలయ్యేలా దాన్ని తయారుచేస్తారు. అప్పుడప్పుడు కిడ్నీల పరీక్ష చేయించాలి. స్టెరాయిడ్ల సంగతి వేరు. అవి ఎల్లకాలం వాడేవి కావు, అలాగని ఒక్కసారిగా మానేవీ కావు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

ఒళ్లు నొప్పులకు మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకోనివ్వకండి. వాటితో జబ్బు రేగే ప్రమాదం ఉంది. నాకు డాక్టరు పారాసిటమాల్ చాలన్నారు.

పథ్యం ఈ జబ్బును నయం చేయదు. జబ్బు రేగినప్పుడు మెత్తటి అన్నం, పలుచని మజ్జిగ నాకు పడతాయి; పచ్చిమిరప కారం, పచ్చి కూరగాయలు పడవు. మీ తమ్ముడికి వేరేగా ఉండవచ్చు, ఏది తింటే ఎలా ఉందో రాసుకోమనండి. నెమ్మదించాక మాత్రం నెలల తరబడి గంజి మీద ఉంచకండి. రక్తం పోయిన ఒంటికి గుడ్డు, చేప కావాలి. కారం తగ్గించి మా ఆవిడ పెట్టే చేపల పులుసు నేను హాయిగా తింటున్నాను.

రోజుకు ఆరు అంతకుమించి రక్త విరేచనాలై, జ్వరమో గుండెదడో ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. జబ్బు మొదలై ఎనిమిదేళ్లయ్యాక క్యాన్సర్ జాడ కోసం కొలనోస్కోపీ తప్పనిసరి. నాకు పోయిన సంక్రాంతి తర్వాత చేశారు, పేగు శుభ్రంగా ఉందన్నారు.

ఇంకొకటి. అతను పెళ్లిళ్లకూ పేరంటాలకూ రానంటే కోప్పడకండి. దారిలో ఆపుకోలేకపోతానేమోనన్న భయంతో నేను రెండేళ్లు బస్సెక్కలేదు. నెల్లూరికి వెళ్లాలంటే మరుగుదొడ్డి ఉంటుందని రైలే ఎక్కేవాణ్ని. ఆ భయం సంగతి ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మీరు అడగండి.