కొత్త లైసెన్స్, రెండు ఉత్తరాలు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. కేర్ వర్కర్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చి వుల్వర్‌హాంప్టన్‌లో ఉంటున్నాను. హైదరాబాద్‌లో ఆరేళ్లు కారు నడిపాను. ఇక్కడ టెస్ట్ పాసై ఏడాది కూడా కాలేదు. రోజూ ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్లకు స్నానం చేయించి, మందులు వేసి రావడం నా పని. కారు లేకపోతే ఈ ఉద్యోగం లేనట్టే. ఈ మధ్య ఎం6 మోటార్‌వే మీద రోడ్డు పనులు జరుగుతున్న చోట రెండుసార్లు కెమెరాకి దొరికాను. అక్కడ లిమిట్ 50 మైళ్లు. మంగళవారం రాత్రి నేను 61లో, అదే వారం శుక్రవారం రాత్రి 68లో వెళ్లానట. పోలీసుల మొదటి ఉత్తరం ఇంటికి వచ్చేసరికే రెండోసారి దొరకడం కూడా జరిగిపోయింది. రెండుసార్లూ అర్ధరాత్రి దాటింది, అక్కడ పనిచేసే మనిషి ఒక్కడూ కనబడలేదు. ఇక్కడ డ్రైవింగ్ తప్పులకు లైసెన్స్ మీద పాయింట్లు వేస్తారు, కొత్త డ్రైవర్‌కి 6 పాయింట్లు పడితే లైసెన్స్ పోతుందంటున్నారు. రూమ్‌లో ఒకరు ఉత్తరాలు పట్టించుకోవద్దంటారు. ఒకరు, పోయిన నెల ఇండియా వెళ్లిపోయిన ఫ్రెండ్ పేరు రాసెయ్యమంటారు. ఇంకొకరు కోర్టుకెళ్లి మన కష్టం చెప్పుకుంటే వదిలేస్తారంటారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, ఇంట్లో కూడా చెప్పలేదు. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: తమ్ముడూ, నీ లైసెన్స్ ఇంకా పోలేదు. నువ్వు రాసిన అంకెలు సరైనవే అయితే, అంతకుముందు నీకు పాయింట్లేవీ లేకపోతే, అది నిలబడే అవకాశమే ఎక్కువ. నేను ఇక్కడ రోడ్డు కేసులు చూసే సొలిసిటర్ని, అంటే లాయర్ని. ఇలాంటి ఉత్తరాలు పట్టుకుని మన పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. స్పీడ్ వల్ల లైసెన్స్ పోగొట్టుకున్న వాళ్లకంటే, ఉత్తరం వచ్చాక చేసిన పనివల్ల పోగొట్టుకున్న వాళ్లను చూసినప్పుడే నాకు ఎక్కువ బాధ. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

కొత్త డ్రైవర్ల గురించి ఇక్కడ 1995లో ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. 1997 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. మొదటిసారి టెస్ట్ పాసైన రోజు నుంచి రెండేళ్లలోపు చేసిన తప్పులకు మొత్తం 6 పాయింట్లు చేరితే డీవీఎల్ఏ (ఇక్కడ లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) లైసెన్స్‌ని రద్దు చేస్తుంది. కొన్నాళ్లు ఆపి తిరిగి ఇవ్వడం కాదు, పూర్తిగా రద్దు. మళ్లీ ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్స్) తీసుకుని, ఎల్ బోర్డు పెట్టుకుని, థియరీ, ప్రాక్టికల్ రెండూ రాయాలి. పక్కన కనీసం 21 ఏళ్లు నిండి, మూడేళ్లుగా ఫుల్ లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోకుండా బండి తీయడానికి లేదు. ప్రాక్టికల్ తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్న రోజులివి. నీ ఉద్యోగానికి అంత గడువు ఎవరూ ఇవ్వరు. హైదరాబాద్‌లో నడిపిన ఆరేళ్లు ఈ లెక్కలోకి రావు. ఇక్కడి చట్టం దృష్టిలో నువ్వు కొత్త డ్రైవర్‌వే. ఇంకో సంగతి, చూసేది తప్పు జరిగిన తేదీని. పాయింట్లు వేసిన తేదీని కాదు. కేసును సాగదీసి రెండేళ్లు దాటించినా లాభం ఉండదు.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. 50 లిమిట్ ఉన్నచోట ఇంగ్లండ్ పోలీసులు మామూలుగా 57 నుంచి 64 వరకు దొరికిన వాళ్లకు పాయింట్లకు బదులు స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు, అంటే వేగం ప్రమాదాల గురించి చెప్పే క్లాసు, ఇస్తారు. నీ మంగళవారం 61 ఇందులో పడుతుంది. కోర్సు పూర్తిచేస్తే ఆ తప్పుకి పాయింట్లు ఉండవు, జరిమానా ఉండదు. ఫీజు ఏరియాని బట్టి 80 నుంచి 100 పౌండ్ల దాకా ఉంటుంది. ఆన్‌లైన్‌లో కూర్చోవచ్చు గానీ కెమెరా ఆన్‌లో పెట్టి, అడిగినప్పుడు మాట్లాడాలి. డ్యూటీ బ్రేక్‌లో ఫోన్ పక్కన పెట్టుకుని వినేద్దామనుకోకు. సరిగా హాజరు కాలేదని వాళ్లు రాస్తే కేసు మళ్లీ పోలీసుల దగ్గరికి పోతుంది. శుక్రవారం 68 కోర్సు పరిధి దాటింది. దానికి సాధారణంగా 100 పౌండ్లు, 3 పాయింట్లు. రెండూ కలిపితే నీ మీద పడేది 3 పాయింట్లే, లైసెన్స్ ఉంటుంది. ఈ కోర్సు మూడేళ్లకు ఒకసారే ఇస్తారు కాబట్టి ఇదివరకు ఎప్పుడైనా తీసుకున్నావేమో గుర్తు చేసుకో. పైగా ఇది మనం పట్టుబట్టి తీసుకునే హక్కు కాదు, పోలీసులు ఇస్తేనే.

అయితే వాళ్లు ఇవ్వాలన్నా ముందు నువ్వు జవాబు రాయాలి. ఆ రాత్రి కారు ఎవరు నడిపారు అన్న ఒక్క ప్రశ్న కోసమే ఉత్తరంతో పాటు ఒక ఫారం వచ్చింది. దానికి 28 రోజుల్లో జవాబివ్వడం చట్టప్రకారం తప్పనిసరి. ఇవ్వకపోతే అదే విడిగా ఒక నేరం, దానికి 6 పాయింట్లు. పట్టించుకోవద్దన్న నీ రూమ్‌మేట్‌కి ఇది చెప్పు. 3 పాయింట్లతో పోయేదాన్ని వదిలేసి కూర్చుంటే, ఒక్క కాగితం దెబ్బకి నీ లైసెన్స్ రద్దయిపోతుంది.

ఫ్రెండ్ పేరు రాయమన్న సలహా చూసి నాకు నిజంగా భయం వేసింది. మన వాళ్లలో ఇది ఏదో చిన్న సర్దుబాటులా చెలామణి అవుతోంది. "వాడు ఇండియాలో ఉన్నాడు, వీళ్లేం చేస్తారు" అంటారు. వాడు దేశం దాటిన తేదీ ఇమిగ్రేషన్ దగ్గర ఉంటుంది, నీ ఆ రాత్రి డ్యూటీ నీ కంపెనీ రోటాలో (డ్యూటీల పట్టికలో) ఉంటుంది, కెమెరా ఫోటో ఉంటుంది. పట్టుబడితే అది స్పీడింగ్ కేసు కాదు, న్యాయవిచారణను తప్పుదోవ పట్టించిన కేసు. దానికి జైలే. క్రిస్ హ్యూన్ అని బ్రిటిష్ క్యాబినెట్ మంత్రిగా చేసిన ఆయన ఉన్నాడు. 2003లో స్పీడింగ్‌కి దొరికినప్పుడు ఆ పాయింట్లు భార్య తీసుకుంది. పదేళ్ల తర్వాత, 2013 మార్చిలో, ఇద్దరికీ చెరో ఎనిమిది నెలల జైలుశిక్ష పడింది. మంత్రి పదవే ఆయన్ని కాపాడలేదు. నువ్వు వీసా మీద ఉన్నవాడివి, నీకు జైలు ఒక్కటే కాదు, ఈ దేశంలో ఉండటమే ప్రశ్న అవుతుంది. ఆ ఫ్రెండ్ ఒప్పుకున్నా వద్దు.

కోర్టు సంగతి కూడా అంతే జాగ్రత్తగా ఆలోచించాలి. కష్టం చెప్పుకుంటే వినే పద్ధతి ఇక్కడ ఉన్నమాట నిజమే. కానీ అది మూడేళ్లలో 12 పాయింట్లు చేరి నిషేధం పడబోయే వాళ్లకు. కొత్త డ్రైవర్ 6 పాయింట్ల రద్దులో జడ్జి ప్రమేయమే ఉండదు, పాయింట్లు చేరగానే డీవీఎల్ఏ చేసేస్తుంది. పైగా 50 లిమిట్‌లో 66 నుంచి 75 మధ్య దొరికిన వాళ్లకు కోర్టులు చూసే మార్గదర్శకాల్లో ఉన్నది 4 నుంచి 6 పాయింట్లు, లేదా 7 నుంచి 28 రోజుల నిషేధం. అంటే ఉత్తరంలో 3తో పోయే నీ 68 కోర్టు గడప ఎక్కితే 6 అయినా కావచ్చు. నిజంగా ఆ కారు నీది కాదనో, లిమిట్ బోర్డులు అక్కడ లేవనో గట్టి ఆధారం ఉంటే తప్ప వెళ్లకు. ఉత్తరాల మీద తేదీలు మాత్రం చూసుకో. కారు నీ పేరు మీదే ఉంటే, తప్పు జరిగిన 14 రోజుల్లోపు మొదటి నోటీసు నీ అడ్రస్‌కి చేరాలి. ఆలస్యమైందనిపిస్తే ఆ కవరు దాచు. అప్పుడు కూడా ఫారం నింపి పంపడం మానకు.

అక్కడ మనిషే లేడని రాశావు. ఆ మాటలో నీ బాధ నాకు అర్థమైంది. అయినా ఆ లిమిట్‌ని అంత తేలిగ్గా తీసుకోవద్దు తమ్ముడూ. రోడ్డు పనుల్లో లేన్లు కుదిస్తారు. పక్కన లారీ వస్తుంటే అద్దానికీ అద్దానికీ మధ్య జానెడు జాగా కూడా ఉన్నట్టనిపించదు. హార్డ్ షోల్డర్ (చెడిపోయిన బండి ఆపుకునే పక్క లేన్) మూసేస్తారు కాబట్టి ముందు ఒక కారు చెడిపోతే అది నీ లేన్లోనే ఆగి ఉంటుంది. రాత్రిపూట కోన్లు సర్దేవాళ్లు, తారు వేసేవాళ్లు నీకు ఆ వంద గజాల్లో కనబడకపోవచ్చు, తర్వాతి మైలులో ఉంటారు. వాళ్లూ మనలాగే నైట్ డ్యూటీ వాళ్లే. గంటకు 68 మైళ్లంటే మన లెక్కలో 109 కిలోమీటర్లు. ఆ వేగంలో కోన్ల వెనక నుంచి ఎవరైనా అడుగు బయట పెడితే నువ్వు బ్రేక్ వేసినా ప్రయోజనం ఉండదు. లిమిట్ బోర్డు ఉన్నంతసేపూ ఇరవై నాలుగు గంటలూ అది చట్టమే.

ఇంకా చాలామందికి అక్కడి కెమెరాల సంగతి తెలియదు. పసుపు స్తంభం చూడగానే బ్రేక్ వేసి, దాటగానే మళ్లీ తొక్కుతారు. అవి సగటు వేగం లెక్కేసే కెమెరాలు. ఒక స్తంభం దగ్గర నెంబర్ ప్లేట్‌నీ టైమునీ పట్టుకుని, ఇంకో స్తంభం దగ్గర మళ్లీ పట్టుకుని, మధ్య దూరాన్ని ఆ సమయంతో భాగిస్తాయి. నీకు 61, 68 వచ్చాయంటే ఆ మొత్తం దూరంలో నీ సగటు అది.

ఇక చేయాల్సింది. రెండు ఫారాలూ విడివిడిగా నింపు, ఒకదాని జవాబు ఇంకోదానికి సరిపోదు. నడిపింది నేనే అని రాసి, సంతకం పెట్టి, ఫోటో తీసుకుని, 28 రోజుల గడువు చివరిదాకా ఆగకుండా పంపు. పోస్టులో పంపితే రసీదు దాచుకో. కారు లాగ్‌బుక్‌లో (రిజిస్ట్రేషన్ కాగితంలో), లైసెన్స్‌లో నీ ప్రస్తుత అడ్రస్ ఉందో లేదో ఈ రోజే చూడు. మన పిల్లలు రూములు మారుతుంటారు. పాత ఇంటి గుమ్మంలో పడిన ఉత్తరానికి జవాబు రాలేదని 6 పాయింట్లు పడ్డవాళ్లను నేను చూశాను. పాయింట్లు వచ్చాక ఇన్సూరెన్స్ వాళ్లు అడిగితే దాచకుండా చెప్పాలి. నీ ఉద్యోగ ఒప్పందంలో పాయింట్ల గురించి మేనేజర్‌కి చెప్పాలని ఉంటే, వాళ్లు అడిగేలోగా నువ్వే చెప్పు.

3 పాయింట్లతో బయటపడ్డాక రెండేళ్లు నిండేదాకా నీకు మిగిలేది 2 పాయింట్ల జాగా. స్పీడింగ్ ఇక్కడ 3తోనే మొదలవుతుంది, చేతిలో ఫోన్ పట్టుకుంటే నేరుగా 6. కాబట్టి స్పీడ్ లిమిటర్ (పెట్టిన వేగం దాటనివ్వని ఏర్పాటు) ఉన్న కారైతే రోడ్డు పనుల దగ్గర అది పెట్టుకునే నడుపు.

ఒకవేళ 61కి కోర్సు రాకుండా రెండింటికీ పాయింట్ల ఉత్తరాలే వస్తే, డబ్బు కట్టకముందే నాకు రాయి. కట్టావంటే ఒప్పుకున్నట్టే. ఆ పరిస్థితిలో ఒక కేసు కోర్టులో పెట్టి, పాయింట్లకు బదులు కొద్ది రోజుల నిషేధం అడిగి చూడవచ్చు. అలా చేస్తే కొత్త డ్రైవర్ల చట్టాన్ని తప్పించుకున్నట్టవుతుందని కోర్టులు సులువుగా ఒప్పుకోవు. అందుకే ఏ ఉత్తరం వచ్చినా దాని రెండు వైపులా ఫోటోలు తీసి, కవరు మీది తేదీతో సహా పంపు.