ముందు ఆ పొట్లంలో ఏముందో చెప్పండి

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. వచ్చే వారం మోకాలి మార్పిడి ఆపరేషన్. బీపీ, షుగర్ ఉన్నాయి. ఆపరేషన్‌కు ముందే నొప్పి మాత్ర వేస్తే తర్వాత నొప్పి అంతగా ఉండదని మా పక్కింటావిడ అంటున్నారు. నిజమేనా? అమ్మ రెండేళ్లుగా మెడికల్ షాపులో పొట్లం కట్టి ఇచ్చే మాత్రలు వాడుతోంది. బయల్దేరే ముందు వాటిలోదే ఒకటి వేయమంటారా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వేయొద్దమ్మా. పక్కింటావిడ చెప్పింది తప్పేం కాదు, మేమూ ముందే ఇస్తాం. కాకపోతే ఏ మాత్ర, ఎంత మోతాదు, ఎన్ని గంటలకు అన్నది మత్తు డాక్టరు రక్తపరీక్షలు చూసుకుని రాస్తారు.

కోత పడగానే అక్కడి నుంచి వచ్చే సంకేతాలతో వెన్నుపాములోని నరాలు రెచ్చిపోతాయి. ఆ తర్వాత ఊరికే తాకినా నొప్పే. ముందుగానే మందు ఇచ్చి దాన్ని అణిచేయొచ్చని 1980ల నుంచి చాలా పరీక్షలు చేశారు. తీరా చూస్తే, ముందు ఇచ్చినా తర్వాత ఇచ్చినా అనుకున్నంత తేడా రాలేదు. అందుకే ఇప్పుడు ముందు కొంత, ఆపరేషన్ జరుగుతుండగా కొంత, ఆ తర్వాత కొన్ని రోజులు విడవకుండా ఇస్తున్నాం. మోకాలికైతే మామూలుగా పారాసిటమాల్, కిడ్నీలు, గుండె బాగుంటే సెలికాక్సిబ్ లాంటి నొప్పి మాత్ర, నడుములో మత్తు ఇంజెక్షన్, తొడ దగ్గర నరానికి బ్లాక్, అంటే ఆ నరాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్. నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ కూడా ఇచ్చేవాళ్లం గానీ పెద్దవాళ్లు మరీ మగతగా పడి ఉంటున్నారని తగ్గించేశాం. ఎన్ని ఇచ్చినా నొప్పి పూర్తిగా పోదు. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయగలిగితే చాలనుకోండి.

ఇక అసలు సంగతి. మీ ప్రశ్న కన్నా ఆ పొట్లమే నన్ను భయపెడుతోంది. రెండేళ్లా! మాత్రల పేర్లయినా అడిగారా?

ఆ మధ్య ఒక పెద్దావిడ మత్తు పరీక్షకు వచ్చి, కొంగు ముడి విప్పి, పేపరు ముక్కలో చుట్టిన మాత్రలు నా బల్ల మీద పోశారు. ఒకటి పసుపుది, ఒకటి గులాబీది, తెల్ల మాత్రలో సగం ముక్క. ‘‘ఆ సగం పడితేనే బాబూ పొద్దున లేవగలిగేది’’ అన్నారు. షాపుకు ఫోన్ చేయిస్తే అది స్టెరాయిడ్ అని తేలింది. ఆవిడ మొహం అంత గుండ్రంగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

మీ అమ్మగారిదీ అదేనని అనడం లేదు, చూడకుండా చెప్పలేను. అయితే నెలల తరబడి స్టెరాయిడ్ వాడితే ఒంట్లో తయారవ్వాల్సిన హార్మోన్ తగ్గిపోతుంది. ఆ విషయం మాకు తెలియకపోతే ఆపరేషన్ టేబుల్ మీద బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. షుగర్ పెరుగుతుంది, పుండు మానదు, కొత్త కీలుకు ఇన్ఫెక్షన్ పట్టొచ్చు. భయపడి మీ అంతట మీరు ఆపేయకండి, అదీ ప్రమాదమే.

పొట్లంలో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఉన్నా తేలిగ్గా తీసుకోవద్దు. బీపీకి టెల్మిసార్టాన్, దానితోపాటు మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడుతుంటే మూడూ కలిసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఆపరేషన్ రోజు నీళ్లు కూడా సరిగా తాగరు కదా. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతుందో మీరు రాయలేదు.

అడ్మిషన్ రోజు దాకా ఆగకండి. రేపే షాపులో మాత్రల పేర్లు రాయించుకుని, పొట్లంతో సహా మత్తు డాక్టరుకు చూపించండి. బీపీ, షుగర్ మాత్రల్లో ఏది ఎప్పుడు ఆపాలో అప్పుడే అడగండి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలను సాధారణంగా మూడు రోజుల ముందే ఆపమంటాం.

ఇంకోటి, మీరు రాయలేదు గానీ అడగాలి. ఎవరైనా ఆ మోకాలిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారా? ఇచ్చి మూడు నెలలు దాటకపోతే సర్జన్‌కు తప్పక చెప్పండి. ఆపరేషన్ వెనక్కి జరపాల్సి రావచ్చు.