పాత యుకులేలే: పాలిష్ పెట్టించొచ్చా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా వీధిలో ఒక పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్ముతుంటే మా అమ్మాయి ముచ్చటపడి చిన్న గిటార్ లాంటిది కొనిపించుకుంది. నాలుగు తీగలు, బొత్తిగా బరువు లేదు. బిరడలున్న తల వెనక ‘సి.ఎఫ్. మార్టిన్ అండ్ కో., నజరెత్, పీఏ’ అని చెక్కలోకి ముద్ర గుద్ది ఉంది. ఇది పిల్లల బొమ్మా, నిజం వాయిద్యమా? పాలిష్ పెట్టించి, స్టీలు తీగలు వేయిస్తే మన పాటలు పలుకుతాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ పాలిష్ ఆలోచన, స్టీలు తీగల ఆలోచన రెండూ మానుకోండి. మీ చేతికొచ్చింది బొమ్మ కాదు, యుకులేలే అనే హవాయి తీగవాయిద్యం. తల వెనక ముద్ర ఉందంటే దాదాపు 1916–1935 మధ్య తయారై ఉండాలి. ఆ తర్వాత మార్టిన్ అనే ఆ గిటార్ల కంపెనీ ముద్ర మానేసి తల ముందువైపు స్టిక్కర్ అంటించడం మొదలుపెట్టింది. గిటార్లకు వేసినట్టు వీటికి వరస నంబర్లు వేయలేదు (తొలి రోజుల్లో కొన్నింటికి తప్ప). అందుకని సంవత్సరం ఇదీ అని కచ్చితంగా తేల్చడం కష్టం.

రకం మాత్రం మీరే తేల్చుకోవచ్చు. పగటి వెలుతురులో ఒళ్లో పెట్టుకుని అంచు చూడండి. చుట్టూ ఏ పట్టీ లేకుండా వట్టి చెక్కే ఉంటే అది స్టైల్ 0. ముదురు రోజ్‌వుడ్ పట్టీ ఉంటే 1. దంతం రంగు పట్టీ ఉంటే 2. మెట్లు పన్నెండు దాటి గుండ్రటి రంధ్రం దాకా పదిహేడు ఉంటే 3 అయి ఉంటుంది. అంతకన్నా పైది 5కె. కోఆ చెక్కతో, అంచుల నిండా ముత్యపుచిప్ప మెరుపుతో ఉంటుంది కాబట్టి అదే అయితే మీరు నాకు రాసేవారే కాదు, చూడగానే తెలిసిపోయేది.

ఇక చరిత్ర. పేరున్న కంపెనీ ముద్ర చూసి గొప్పంతా ఆ కంపెనీదే అనుకోకండి. ఈ విషయంలో నాకు పట్టింపు ఉంది. 1879 ఆగస్టులో రావెన్స్‌క్రాగ్ అనే ఓడ పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి చెరకు తోటల కూలీలను ఎక్కించుకుని హొనొలులు చేరింది. అందులో మాన్యుయెల్ నూనెస్, అగుస్తో దియాస్, జోసె దో ఎస్పిరితో సాంతో అనే ముగ్గురు వడ్రంగులున్నారు. కూలి గడువు తీరాక వాళ్లు పట్నంలో దుకాణాలు పెట్టి, తమ ఊరి మషేత్ అనే చిన్న వాయిద్యాన్ని ఆధారం చేసుకుని, హవాయిలో పెరిగే కోఆ చెక్కతో కొత్తది చేశారు. శ్రుతి కట్టే పద్ధతి మాత్రం రజావ్ అనే మరో మదీరా వాయిద్యానిది. హవాయి రాజు కలాకౌవా దాన్ని ఆదరించి హులా నాట్యానికి పక్కవాద్యం చేశాడు. 1893లో రాచరికాన్ని కూలదోశారు, 1898లో అమెరికా హవాయిని కలిపేసుకుంది. వాయిద్యం మాత్రం హవాయి వాళ్ల చేతుల్లోనే నిలిచింది.

మార్టిన్ కంపెనీ 1907లో మొదటిసారి ప్రయత్నించింది. గిటార్ చేసినట్టే స్ప్రూస్ చెక్కతో పైపలక వేసి, లోపల బద్దలు దట్టంగా అతికించారు. నాదం మూగబోయింది, ఎవరూ కొనలేదు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శనలో హవాయి మండపం వాద్యకారులు అమెరికాను ఊపేశాక మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి మొత్తం మహాగని చెక్క, పలకలు పల్చన, బద్దలు తక్కువ. అంటే, హవాయి వాళ్లకు ఎప్పటి నుంచో తెలిసిన పద్ధతికే వచ్చారన్నమాట. మీ వాయిద్యం బరువు లేదని అనుమానపడ్డారు చూడండి, ఆ తేలికదనంలోనే పనితనమంతా ఉంది. తీగలు వదులుచేసి పైపలక మీద వేలి కణుపుతో మెల్లగా తట్టి చూడండి, పెట్టె మొత్తం పలుకుతుంది.

మీకు దగ్గరలోనే పెన్సిల్వేనియాలోని నజరెత్‌లో ఆ కంపెనీ మ్యూజియం ఉంది. అమ్మాయిని తప్పక తీసుకెళ్లండి. డిక్ కాంటర్ అనే నావికుడి కోఆ యుకులేలే అక్కడుంది. 1926 మే 9న బర్డ్, బెనెట్ అనే అమెరికా వైమానికులు ఉత్తర ధ్రువం వైపు ఎగిరిన విమానంలో ఇతను దాన్ని రహస్యంగా పెట్టించాడు. వాళ్లు ధ్రువం దాకా వెళ్లారా లేదా అన్నది ఇప్పటికీ తెగని వాదన. యుకులేలే మాత్రం వెళ్లొచ్చింది. దాని చెక్క మీద ఆ యాత్ర సభ్యులతో పాటు ధ్రువ యాత్రికుడు అముండ్‌సెన్, ఎడిసన్, అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్ వరకు వందకు పైగా సంతకాలున్నాయి. ఎవరైనా ‘కొత్తగా మెరవాలి’ అని దాన్ని గీకించి ఉంటే ఏం పోయేదో ఊహించండి. మీదాని మీద సంతకాలు లేకపోయినా, పాత పూత పోతే విలువా పోతుంది, నాదమూ మారుతుంది. పొడిగుడ్డతో తుడవండి, చాలు.

స్టీలు తీగల లాగుడు ఆ పల్చని పలక భరించలేదు. పలక మీద తీగలు కట్టే బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది. బాగుచేయమని అలాంటివి నా బల్ల మీదికి వచ్చినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. ఒకప్పుడు పేగు తీగలు వేసేవారు. మీరు నైలాన్ గానీ ఫ్లోరోకార్బన్ గానీ వేయించండి. చలికాలం హీటర్ గాలికి చెక్క బీటలిస్తుంది. పెట్టెలో తేమ 45–55 శాతం ఉండేలా చూసుకోండి.

మన పాటలంటారా, సినిమా పాటకూ లలితగీతానికీ పక్కన వాయించుకోవడానికి ఎంతో బాగుంటుంది. గమకానికి మాత్రం లొంగదు, మీటిన స్వరం ఎక్కువసేపు నిలవదు. ముఖానికి దగ్గరగా ఉండే తీగ లావుగా, మంద్రంగా ఉండాలనుకుంటారు గానీ, ఇక్కడ అది సన్నది, హెచ్చు శ్రుతిది. పైనుంచి పాశ్చాత్య స్వరాల్లో జి, సి, ఇ, ఎ. దుకాణంలో ‘హై జి’ సెట్ అని అడగండి. కొత్త తీగలు మొదట్లో సాగి శ్రుతి జారుతూనే ఉంటాయి. కంగారుపడి బిరడలు బిగించేయకుండా, అమ్మాయి చేత రోజూ వాయించే ముందు సరిచేయించండి. కొన్నాళ్లకు అవే కుదురుకుంటాయి.