స్కెచ్‌బుక్ మీద తోటి స్టూడెంట్స్ చెప్పేది ఎంతవరకు పట్టించుకోవాలి?

టెక్స్‌టైల్ ఆర్ట్ చదువుతున్నా, స్కెచ్‌బుక్ క్లాసులో అందరి ముందు తెరవాలంటే వణుకొస్తోంది, వాళ్ళు చెప్పేవన్నీ మార్చుకోవాలా అని అడిగారు కదా. నేనూ అదే కోర్సు చేశాను, ఆ వణుకు నాకు బాగా తెలుసు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ఫస్ట్ ఇయర్‌లో ఒక పేజీలో ముదురు ఎరుపు గుడ్డ ముక్క అతికించి, దాని మీద బూడిదరంగు దారంతో కాడకుట్టు వేసి ఎండుకొమ్మలు కుట్టాను, మూడు సాయంత్రాలు పట్టింది. పక్క బెంచీ అమ్మాయి చూసి "ఎండుకొమ్మలంటున్నావ్, మరి ఆకుపచ్చ దారం ఎందుకు వాడావ్?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఇది బూడిదే అని దారం ఉండ తీసి మరీ చూపించా. కానీ ఇంటికెళ్ళాక మనసూరుకోలేదు, అదే దారం రెండు ముక్కలు కత్తిరించి ఒకటి తెల్ల కాగితం మీద, ఒకటి ఎరుపు మీద పెట్టి చూస్తే నిజంగానే ఎరుపు మీదున్నది ఆకుపచ్చ ఛాయ కొడుతోంది!

తర్వాత తెలిసింది, ఇది ఎప్పట్నుంచో ఉన్న సంగతే అని. 1824లో పారిస్‌లోని గోబెలిన్ టాపెస్ట్రీ (రంగు దారాలతో బొమ్మలు నేసే గోడ తెరలు) కార్ఖానాలో అద్దకాల విభాగానికి డైరెక్టర్‌గా వచ్చిన షెవ్రూల్ అనే కెమిస్ట్‌కి, నల్లరంగు సరిగ్గా ఉండట్లేదు, నీలం ఊదా మధ్యలో పడితే వెలవెలబోతోంది అని కంప్లైంట్లు వచ్చాయి, ఆయన పరీక్షిస్తే అద్దకంలో లోపమేం లేదు, పక్కనున్న రంగుల వల్ల కంటికి అలా కనిపిస్తోంది అని తేలింది, అదంతా 1839లో పుస్తకంగా వేశాడు. అంటే ఆ అమ్మాయి చెప్పిన కారణం తప్పు, తనకి కనిపించింది మాత్రం కరెక్ట్. కాస్త ఎరుపు జీర ఉన్న బూడిద దారంతో పక్కనే ఇంకో కొమ్మ కుట్టా, అప్పుడు అచ్చం బూడిదలా కనిపించింది.

అందుకే నేను "బాగుందా?" అని అడగడం మానేశా, బాగుంది అంటారు, అంతే, దాంతో ఏం చేసుకుంటాం. పుస్తకం చేతికిచ్చి "ముందు నీ కన్ను ఎక్కడికెళ్ళింది, ఏం కనిపించింది" అని అడిగి ఓ రెండు నిమిషాలు నోరు మూసుకుని ఉంటా, మధ్యలో నేను వివరణ మొదలెడితే వాళ్ళు నా కళ్ళతో చూడ్డం మొదలెడతారు. వాళ్ళన్న మాట అన్నట్టే పేజీ అంచున పెన్సిల్‌తో తారీఖు వేసి రాసుకుంటా.

అన్నీ మార్చుకోనక్కర్లేదు. ఒకరు ఆకులు శాటిన్ కుట్టుతో, అంటే ఈ అంచు నుంచి ఆ అంచుకి దారాలు దగ్గర దగ్గరగా వేసి, నింపితే మెరుస్తాయన్నారు, చిన్న శాంపిల్ వేసి చూశా, మెరిసింది నిజమే కానీ ఆకు వెడల్పు ఎక్కువవడంతో పొడుగు దారాలు గోరు తగిలితే చాలు లేచొచ్చేస్తున్నాయి, వదిలేశా. ఆ శాంపిల్ మాత్రం పీకెయ్యలేదు, ఎందుకు వద్దనుకున్నానో పక్కనే రాశా.

ఇంకొకటి, ప్రింట్ రిపీట్ (గుడ్డంతా మళ్ళీ మళ్ళీ వచ్చే డిజైన్) గీస్తుంటే మాత్రం తప్పకుండా చూపించండి. నా పూల డిజైన్‌లో "మధ్యలో రోడ్డు వేసినట్టు ఖాళీ ఉందేంటి" అని దూరం నుంచి చూసినవాళ్ళే అన్నారు, దగ్గర కూర్చుని గీసిన నాకు అది వారం రోజులైనా కనబడలేదు. జిరాక్సులు తీసి పక్కపక్కన అతికించాక తెలిసింది, ప్రతి నిలువు వరసనీ దాని ముందు వరస కంటే సగం డిజైన్ ఎత్తు కిందికి జరిపితే ఆ దారి తెగిపోయింది.