గోడ చెమ్మకు జవాబుదారీ ఎవరు?

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్‌లో కింది పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో ఈ ఇల్లు మునిగిందని పక్కింటివాళ్లు చెప్తేనే తెలిసింది. మేం దిగేసరికి కొత్త రంగులు మిలమిలలాడుతున్నాయి. తొలి వానలకే పడగ్గది గోడ మోకాలెత్తున ఉబ్బి పెచ్చులు ఊడింది. బీరువా వెనక నల్లబూజు. ఓనరుగారేమో "మీరు తడిబట్టలు లోపల ఆరేస్తున్నారు, రంగుల ఖర్చు అడ్వాన్సులో పట్టుకుంటా" అంటున్నారు. మేం భరించాలా?

జవాబు: గోడ ఖర్చు మీది కాదమ్మా. ఊడిన చోట అరచేత్తో రాసి చూడండి. తెల్లగా ఉప్పులాంటి పొడి అంటితే ఆ తడి గోడ లోపలినుంచి వచ్చిందే, బహుశా పునాదిలోంచి ఇటుకల గుండా పైకి పాకి ఉంటుంది. తడిబట్టలు గోడకు ఉప్పు తేలేవు. బీరువా వెనక బూజులో మాత్రం మీ వాటా కొంత ఉండొచ్చు. బీరువాను గోడకు జానెడు దూరం జరపండి, బట్టలు డాబా మీద ఆరేయండి.

గుంటూరు బ్రాడీపేటలో అద్దెకున్నప్పుడు నాకూ ఇదే మాట పడింది. రెండేళ్లు బ్లీచింగ్ నీళ్లతో గోడ తోముతూ, మా అత్తగారి ఆయాసానికి నా ఇంటి నిర్వాకమే కారణమని కుమిలిపోయాను. చివరికి ఒక తాపీమేస్త్రి ఆ గోడ మీద జానెడు అల్యూమినియం రేకు పెట్టి, నాలుగు అంచులా టేపు అంటించి వెళ్లాడు. రెండు రోజుల తర్వాత తీస్తే గోడవైపు నీటి బొట్లు, గదివైపు పొడి. గోడ అవతల బాత్రూము పైపు జాయింటు కారుతోంది! ఆ పూట ఏడుపొచ్చింది నాకు. మీరూ ఈ రాత్రే రేకు అంటించండి. తడి గదివైపు పడితే అది ఇంట్లో గాలి చెమ్మే.

ఇక చట్టం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, మామూలుగా చూస్తే కనిపించని పెద్ద లోపం ఓనరుకు తెలిసి ఉంటే అద్దెకు దిగేవారికి చెప్పితీరాలి. మునిగిన గోడకు రంగు పూసి ఊరుకోవడం నా దృష్టిలో చెప్పకపోవడమే. మీ వల్ల పాడైంది మీరు బాగుచేయాలి, వాడకంలో వచ్చే మామూలు అరుగుదల మీ ఖాతా కాదు. అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే లెక్క మారుతుంది, ముందది చదవండి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా కట్టడం మరమ్మతులు, గోడలకు సున్నం ఓనరు మీదే పెట్టింది, కానీ అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే.

లాయరును అడగకుండా అద్దె ఆపకండి, కోసుకోకండి. పుట్టీ పూస్తామంటే ఒప్పుకోకండి, మళ్లీ వానలకు ఊడుతుంది. చెమ్మ గీతకు అడుగు పైదాకా పాత ప్లాస్టరింగు చెక్కించేసి, గోడ బాగా ఆరాకే కొత్తది వేయాలి. ఈ మాటలే తేదీ వేసి ఓనరుగారికి వాట్సాప్‌లో పంపండి. గోడ ఫొటో, రేకు ఫొటో, జరిపిన బీరువా ఫొటో కూడా జతచేయండి.