విస్కీ తయారీలోకి వెళ్తానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది గాజువాక. అమ్మాయి బీటెక్ కెమికల్ మూడో సంవత్సరం. ఫార్మాలో చేరుతుందనుకుంటే విస్కీ తయారీ నేర్చుకుంటానంటోంది. అమెరికాలో బిల్ శామ్యూల్స్ అనే ఆయన విస్కీ కంపెనీ నడుపుతూనే తన ప్రాంతానికి ఎంతో చేశాడట, తనూ అలా చేస్తుందట. మా నాన్న తాగుడుతోనే పోయారు. మా అమ్మ సారా ఉద్యమంలో తిరిగిన మనిషి. రేపు సంబంధాలవాళ్ళు అడిగితే ఏం చెప్పను? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ శామ్యూల్స్ సంగతి. కెంటకీ రాష్ట్రంలో లొరెటో అనే చిన్న ఊళ్ళో మేకర్స్ మార్క్ డిస్టిలరీ ఉంది. 1953లో వాళ్ళ నాన్న కొన్నది. ఈయన ఇంజనీరింగ్ చదివి, కొన్నాళ్ళు రాకెట్ల మీద పనిచేసి, లా కూడా చదివి, 1975లో ప్రెసిడెంట్ అయ్యాడు. 2011లో దిగిపోతూ కొడుక్కి అప్పజెప్పాడు. అంటే కుర్చీ ఇంట్లోనే ఉంది. మీ అమ్మాయి మాత్రం నైట్ షిఫ్టులో ఫెర్మెంటర్ (పులియబెట్టే ట్యాంకు) పక్కన నిలబడి మొదలుపెట్టాలి. ఈ తేడా తనకి చెప్పండి, నొచ్చుకోదు.

ఇంకోటి. కెంటకీలో విస్కీ పీపాలు ఏళ్ళ తరబడి గోదాముల్లో ఉంటాయి. వాటిమీద వేసే పన్నులోంచి అక్కడి బడులకీ, ఫైర్ స్టేషన్లకీ డబ్బు వెళ్తూ వచ్చింది. ఆ ఊళ్ళకి విస్కీతో ముడి అలా పడింది. మనకి పడిన ముడి వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు, మరుసటి ఏడే సారా నిషేధం వచ్చింది. మీ అమ్మగారి కోపం అక్కడిది. దాన్ని పాతకాలపు మాటగా మీ అమ్మాయి కొట్టిపారేస్తే నేనొప్పుకోను.

ఇక పని. పేపర్లో 'బెల్లం ఊట ధ్వంసం' అని చదువుతుంటాం కదా, ఆ ఊట పులియడమే ఫెర్మెంటేషన్. మాల్ట్ విస్కీకి బెల్లం బదులు మొలకెత్తించిన బార్లీ. ఈస్ట్ వేశాక రెండు మూడు రోజుల్లో బీరంత ఘాటు వస్తుంది. దాన్ని రాగి బానల్లో రెండుసార్లు కాచి, మొదట వచ్చేదీ చివర వచ్చేదీ పక్కన పెట్టి, నడిమి భాగాన్నే పీపాల్లో పోస్తారు. బెంగళూరు ఎండకి పీపాలోంచి ఏడాదికి పది శాతం పైనే ఆవిరైపోతుంది. అదే ఊరి అమృత్ వాళ్ళు తమ సింగిల్ మాల్ట్‌ని 2004లో గ్లాస్గోలో అమ్మకానికి పెట్టారు, స్కాట్లండ్ గడ్డ మీదే!

తాగాల్సి వస్తుందా అని మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. రకరకాల పీపాల విస్కీని రుచి చూసి కలిపే బ్లెండర్ పని కూడా ఎక్కువగా ముక్కుతోనే. శాంపిల్‌లో నీళ్ళు కలిపి ఘాటు ఇరవై శాతం దాకా తగ్గించి వాసన చూస్తారు. నోట్లో పోసుకున్నా ఉమ్మేస్తారు. ప్లాంటు ఇంజనీరుకి ఆ అవసరం కూడా రాదు.

ఊరికి సేవ అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చుపెట్టాలి, చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. అది చట్టం, దాతృత్వం కాదు. బడికి బెంచీలిచ్చి ఫొటో దిగడం నాకు పెద్ద విశేషంగా కనపడదు.

డిస్టిలరీ ఊరికి చేసే మేలూ కీడూ వెనక గేటు దగ్గర తేలుతుంది. మొలాసిస్ (చక్కెర మిల్లులో మిగిలే మడ్డి) నుంచి లీటరు ఆల్కహాల్ తీస్తే సుమారు 8 నుంచి 15 లీటర్ల స్పెంట్ వాష్ అనే మురుగు నీరు మిగులుతుంది. ముదురు గోధుమ రంగు, చెరుకు కుళ్ళిన కంపు. గెడ్డలోకి వదిలితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి చేపలు తేలతాయి. దాన్ని చిక్కబరిచి బాయిలర్లో కాల్చేదాకా చూసుకునే ఇంజనీరు ఆ ఊరికి ఎంత చేసినట్టో, వాళ్ళ బావుల్లో నీళ్ళు చూస్తే తెలుస్తుంది. అమ్మాయికి నిజంగా ఊరి మీదే మనసుంటే ఈటీపీలో, అంటే ఆ మురుగు నీటిని శుద్ధి చేసే విభాగంలో, ఇంటర్న్‌షిప్ అడగమనండి. అలా కాక, జనంతోనే పని కావాలంటే ఆంధ్రా యూనివర్సిటీలో సోషల్ వర్క్ పీజీ ఉంది. అది వేరే దారి.

చదువు విషయానికొస్తే, కాన్పూర్ నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇండస్ట్రియల్ ఫెర్మెంటేషన్, ఆల్కహాల్ టెక్నాలజీలో పీజీ డిప్లొమా ఉంది. పుణె వసంత్‌దాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ ఈ రంగం కోర్సులున్నాయి. విదేశమే కావాలంటే ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ యూనివర్సిటీకి బ్రూయింగ్, డిస్టిల్లింగ్‌లో మంచి పేరు. కానీ అప్పు చేసి ఇప్పుడే అక్కడికి పంపడం నాకిష్టం లేదు. రెండేళ్ళు ఇక్కడ ప్లాంటులో చెయ్యి తిరగనివ్వండి.

పైగా ఈ విద్య విస్కీకే పరిమితం కాదు. పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. అదీ ఇదే పులియబెట్టడం, ఇదే కాచడం. యాంటీబయాటిక్స్ తయారీలోనూ ఫెర్మెంటర్లే. మీ గాజువాకకి దగ్గర్లోనే పరవాడ ఫార్మా సిటీ ఉంది. ఒక దారి నచ్చకపోతే ఇంకోదానికి మారొచ్చు.

సంబంధాలవాళ్ళకి 'కెమికల్ ఇంజనీరు, డిస్టిలరీలో పని' అని ఉన్నదున్నట్టు చెప్పండి. దాచి కుదిర్చితే తర్వాత టెన్షన్ పడేది మీ పిల్లే. వాళ్ళకంటే ముందు అమ్మాయిని మీ అమ్మగారితో ఒకసారి మాట్లాడమనండి. మీ నాన్నగారి సంగతి, ఉద్యమం సంగతి ఆవిడ నోటే విననివ్వండి. విన్నాక కూడా కాన్పూర్‌కి అప్లై చేస్తానంటే, ఫీజు కట్టెయ్యండి.